మూడు బిళ్ళల సాక్ష్యం

పదకొండుంబావైంది. క్రమశిక్షణ కమిటీ రెండింటికి. తులసి చదువూ, చేతికొచ్చిన ఉద్యోగమూ ఉంటాయో ఊడతాయో తేలడానికి ఇంకా రెండు గంటల ముప్పావు ఉంది.

అరుణశ్రీ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ పిల్లకి ఎదురుగా కూర్చుంది. పదకొండేళ్ళు విజయనగరం జిల్లాలో ఎస్సైగా చేసి, పైవాళ్ళతో పొసగక ఖాకీ విప్పేసి, శ్రీకాకుళంలో మేడమీద ఓ గది తీసుకుని ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న మనిషి. ఆ బోర్డు చూసి మెట్లెక్కేవాళ్ళలో ముప్పాతికమంది పెళ్ళికొడుకు తాగుతాడో లేదో కనుక్కోమనేవాళ్ళే. ఈ కేసు అలా రాలేదు. సముద్రంలో వేట నిషేధం రోజులు కాబట్టి చెరువు చేపలమ్ముకుంటున్న దేముడమ్మ, నిన్న పొద్దున్న గుమ్మంలో గంప దించి, కత్తి పక్కన పెట్టేసి, "మా గుంట అబద్దమాడదమ్మా. నువ్వొకపాలి ఎల్లి సూడు" అని చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రెండేళ్ళుగా చేపలు కోసి ఇస్తున్న మనిషి ఏడిస్తే కాదనడం అరుణశ్రీ వల్ల కాలేదు.

దేముడమ్మ కూతురు ఈ తులసి. ఇరవై మూడేళ్ళది. విజయనగరం రోడ్డు మీదున్న ఈ ప్రైవేటు ఆసుపత్రి కాలేజీలో మెడికల్ ఇమేజింగ్ ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు చదువుతోంది. పొద్దున్న క్లాసు, మధ్యాహ్నం నుంచి ఎక్స్‌రే, సి.టి. గదుల్లో పోస్టింగు, వారానికి రెండుసార్లు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు. అలా తిప్పలుపడి విశాఖపట్నంలో ఓ పెద్ద ఆసుపత్రి సి.టి. విభాగంలో ఉద్యోగం కొట్టింది. ఈరోజు సాయంత్రం ఐదులోగా కాలేజీ నుంచి సత్ప్రవర్తన సర్టిఫికెట్ వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ సీటు వరసలో తర్వాతి మనిషిది.

"నీ బ్యాడ్జి సంగతి నీ నోటితో చెప్పు" అంది అరుణశ్రీ.

"రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్ళందరం గుండె మీద పెట్టుకుంటాం మేడమ్. లోపల చిన్న పలక ఉంటాది. మూణ్ణెల్లకోసారి పలకలన్నీ ముంబయి ల్యాబుకి పంపుతారు. ఎవరి ఒంటికి ఎంత తగిలిందో వాళ్ళు చదివి చెబుతారు. జనవరి నుంచి మార్చి దాకా అందరికీ సున్నా పాయింటు ఒకటో, రెండో వచ్చింది. నాకు ముప్పై ఎనిమిది మిల్లీసీవర్టులు."

"ఎంత ఉండొచ్చు?"

"ఏడాది మొత్తానికి ఇరవై దాటకూడదు."

"నువ్వు కావాలని ఎక్స్‌రే గొట్టం కింద బ్యాడ్జి పెట్టావంటున్నారు."

"నానెందుకు పెడతాను మేడమ్?" దుఃఖంతో పాటు ఊరి మాటా బయటికొచ్చేసింది. "పిల్లల సి.టి.లో డోసు ఎలగ తగ్గించాలని ఏడాదిపాటు థీసిస్ రాసినాను. తగ్గించడం నేర్చుకున్నదాన్ని, పెంచుకుంటానా?"

మాట బాగుంది. అయితే బాగున్న మాటలు అరుణశ్రీ స్టేషన్లో చాలా విన్నది. "డ్యూటీ అయ్యాక బ్యాడ్జి ఎక్కడ పెడతావు?"

"వరండాలో బోర్డుంటాది. దానికి తగిలిస్తాం."

"రోజూ?"

తులసి ఒక్క క్షణం ఆగింది. "రోజూ మేడమ్."

ఆ ఒక్క క్షణాన్ని అరుణశ్రీ మనసులో ముడేసుకుంది. పిల్ల మంచిదే, కానీ ఇందాకటి నుంచి చెప్పిన వాటిలో ఈ ఒక్క ముక్క మాత్రం నిజం కాదు. అమాయకులు కూడా అబద్ధమాడతారు. వాళ్ళకి అది చేతకాదు, అంతే తేడా.

అప్పుడే తలుపు తోసుకుని గిరిబాబు వచ్చాడు. ఆసుపత్రి భద్రతా విభాగానికి అధికారి. ఒకప్పుడు అరుణశ్రీతో పాటే ఎస్సైగా చేరి, ఆవిడకంటే రెండేళ్ళు ముందే ఉద్యోగం మానేసి, ఇప్పుడు మే నెల ఎండలో కూడా కోటు వేసుకు తిరుగుతున్నాడు. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది.

"ఏటి అరుణా, నన్నడక్కుండానే విచారణ మొదలెట్టీసినావా?"

"తల్లి పంపిందయ్యా. కూతురితో మాట్లాడ్డానికి నీ అనుమతి కావాలా?"

"మాటాడుకో. ఆ తరవాత ఈ కాయితం మీద సంతకం పెట్టించు. తెలీక సరదాకి బ్యాడ్జి గొట్టం కింద పెట్టానని రాసుంది. ఆరునెల్లు డిగ్రీ ఆపుతారు, అంతే. పెట్టకపోతే కమిటీ ఏకంగా పంపీగలదు. పిల్ల మీద జాలితోనే సెప్తన్నాను."

"నీ జాలి ముందే టైపు చేయించి తెచ్చావే!"

గిరిబాబు మొహం కందగడ్డ అయింది. "రుజువుందమ్మా. మార్చి పద్నాలుగు సాయంత్రం ఆరు పది నుంచి ఆరూ యాభై దాకా రెండో నంబరు ఎక్స్‌రే గదిలో ఈ పిల్ల ఒక్కర్తే ఉన్నాది. వరండా కెమెరాలో పడింది. పేషెంటు లేడు, టెక్నీషియన్ లేడు. నలభై నిమిషాలు లోపలేటి సేసినాదో అడుగు."

తులసి తల దించుకుంది. "ఇంటర్వ్యూలో ప్రాక్టికల్ ఉంటుందన్నారు. పేషెంటుని ఎలా పడుకోబెట్టాలో, గొట్టం ఏ కోణంలో తిప్పాలో ప్రాక్టీసు చేసుకున్నాను. ఇసకబస్తాని పేషెంటనుకుని. బటన్ నొక్కి ఎక్స్‌పోజరు ఇవ్వలేదు."

"ఇసకబస్తా సాక్ష్యం సెప్తాదేటి?" అన్నాడు గిరిబాబు.

"యంత్రం చెబుతుంది" అంటూ అరుణశ్రీ లేచింది. "పద, గది చూద్దాం."

*

రెండో నంబరు గది తాళం రాజకుమారి తీసింది. విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసరు, రేడియేషన్ భద్రత చూసే అధికారీ ఆవిడే. తులసి చేత ఇంటర్వ్యూ జవాబులు వల్లె వేయించిందీ ఆవిడే. ఈ గొడవ మొదలైనప్పటి నుంచీ సరిగ్గా నిద్ర లేదని ఆవిడ కళ్ళే చెబుతున్నాయి.

"మేడమ్, ఈ యంత్రం ఎప్పుడెప్పుడు ఎక్స్‌రే తీసిందో ఎక్కడైనా రాసుంటుందా?"

"ప్రతి ఎక్స్‌పోజరూ లాగ్‌లో పడుతుంది" అని రాజకుమారి తెర మీద మార్చి పద్నాలుగో తేదీ తీసింది. ఆ రోజు చివరి ఎక్స్‌రే సాయంత్రం ఐదూ యాభై రెండుకి, ఎవరిదో మోకాలు. దాని తర్వాతది మర్నాడు పొద్దున్న ఏడూ ఇరవైకి. మధ్యలో ఖాళీ.

"ఆరు పదికీ ఆరూ యాభైకీ మధ్య ఒక్కటీ లేదు గిరీ."

"సెరిపీసుంటాది."

"కుదరదండి" అంది రాజకుమారి. "ఇందులోంచి ఏదైనా తీసెయ్యాలంటే కంపెనీ ఇంజినీరు పాస్‌వర్డ్ కావాలి. అది నా దగ్గర కూడా లేదు."

గిరిబాబు ఓడిపోయే మనిషి కాదు. "ఆ రోజు కాకపోతే ఇంకో రోజు సేసుంటాది. ముప్పై ఎనిమిది ఆకాశంలోంచి ఊడిపడ్డాదా?"

ఈ ప్రశ్నలో న్యాయముంది. అంకె అబద్ధం కాదు, పిల్లా దొంగ కాదు. మరి ఆ బ్యాడ్జికి ఏం తగిలింది? "ల్యాబు పంపిన రిపోర్టు చూపించు" అని చెయ్యి చాపింది.

గిరిబాబు ఫైలు అందించాడు. ఒకటే కాగితం. పేరు, నంబరు, ముప్పై ఎనిమిది అనే అంకె, కింద సంతకం. అరుణశ్రీ దాన్ని రెండుసార్లు పైనుంచి కిందికి చదివింది. కాగితం అడుగున కుడి మూల చిన్న అక్షరాల్లో ఒకటి బై రెండు అని ఉంది.

"రెండో పేజీ ఏది?"

"అందులో అన్నీ అంకెలే. కమిటీకెందుకని ఆఫీసులో ఒగ్గీసినాను."

"మీకిచ్చాడా మేడమ్?" అని రాజకుమారిని అడిగింది.

"లేదండీ. మెయిల్ మేనేజ్‌మెంటుకి వచ్చింది. నాకు మొదటి పేజీ ఒక్కటే..." రాజకుమారి మాట మధ్యలో ఆగిపోయింది. "రెండో పేజీలో బిళ్ళల రీడింగులుంటాయి!"

"గిరీ, పోలీసు ఉద్యోగం చేసినవాడివి. సగం కాగితం మీద సంతకం అడుగుతున్నావు ఆడపిల్లని. సిగ్గనిపించలేదూ?"

"నోరు జాగర్త అరుణా! నీకు నచ్చకపోతే ఖాకీ విసిరీసి ఎలిపోయినావు. నాకు ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఈ ఆస్పత్రి మీద తనిఖీ పడితే మూడొందల మంది కడుపులు మాడతాయి. ఆళ్ళ గురించి నువ్వు ఆలోసించినావా?"

కోపంలో అన్నా ఆ మాట నిజమే. అరుణశ్రీ గొంతు తగ్గించింది. "అందుకే అడుగుతున్నానయ్యా. ఇప్పుడు కప్పెట్టింది రేపు బయటపడితే ఆరొందల మందివి మాడతాయి. పేజీ పంపించు."

గిరిబాబు వెళ్ళిపోయాడు. కానీ పన్నెండూ ఐదుకల్లా ఆ పేజీని అటెండర్ చేత పంపాడు. మొండివాడే గానీ మాట వినని మనిషి కాదు.

రాజకుమారి కాగితాన్ని బల్ల మీద పరిచింది. అరుణశ్రీకి అర్థం కావాలని ఒక ఖాళీ బ్యాడ్జి విప్పి చూపించింది. లోపలి పలక మీద మూడు చిన్న బిళ్ళలున్నాయి. తొడుగులో ఒక బిళ్ళ ఎదురుగా లోహపు రేకు, ఇంకోదానికి ప్లాస్టిక్ ముక్క. మూడోదానికి అడ్డేమీ లేదు.

"మేం వాడే ఎక్స్‌రేకి బలం తక్కువండి. లోహపు రేకుని దాటలేదు. అందుకని రేకు వెనకున్న బిళ్ళకి బాగా తక్కువ పడుతుంది, అడ్డం లేనిదానికి ఎక్కువ పడుతుంది. ఎక్స్‌రే గొట్టం కింద పెట్టి ఉంటే ఈ మూడు అంకెల మధ్యా చాలా తేడా ఉండాలి."

అరుణశ్రీ అంకెలు చూసింది. మూడూ ఇంచుమించు ఒక్కటే.

"ఒక్కలాగే ఉన్నాయే!"

రాజకుమారి పెదాలు పాలిపోయాయి. "ఇది ఎక్స్‌రే కాదు. గామా కిరణం. రేకునీ ప్లాస్టిక్కునీ లెక్కచెయ్యకుండా దూసుకుపోయేది. మా ఆసుపత్రిలో కేన్సర్ విభాగం లేదు. గామా ఇచ్చే వస్తువు ఈ బిల్డింగులో ఒక్కటీ లేదండి."

అంటే బ్యాడ్జి ఈ బిల్డింగు దాటి వెళ్ళింది. అరుణశ్రీ వరండాలోకి నడిచింది.

బోర్డు మీద పద్దెనిమిది బ్యాడ్జిలు వరసగా వేలాడుతున్నాయి. పలకలు ల్యాబుకి వెళ్ళి కొత్తవి వస్తాయి, తొడుగులు మాత్రం ఎవరివి వాళ్ళవే. అరుణశ్రీ ఒక్కొక్కటే తీసి, కిటికీ వెలుతుర్లో తిప్పి చూసి మళ్ళీ తగిలించింది. కొన్నిటికి స్పిరిట్ వాసన, ఒకదానికి బాల్‌పెన్ మరక. పదకొండోది తులసిది. మిగతావాటికంటే శుభ్రంగా తుడిచి ఉంది. మరీ శుభ్రంగా ఉండటమే అరుణశ్రీకి నచ్చలేదు. జడలోంచి పిన్ను తీసి క్లిప్పు సందులో గీకింది. పిన్ను కొసకి పచ్చటి పొడి అంటుకుంది. వాసన చూసింది.

పసుపు.

*

పన్నెండున్నరకి తులసి ముందు ఆ పిన్ను పెట్టింది. కోప్పడలేదు. గదిలో రాజకుమారి తప్ప ఇంకెవరూ లేకుండా చూసింది.

"అమ్మా తులసీ, ఇది చూసి నిజం చెప్పు. బ్యాడ్జి ఇంటికి పట్టుకెళ్ళావా?"

తులసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నలుపుకుంది.

"సెప్తే ఏటవుతాది మేడమ్?" అంది చివరికి.

అరుణశ్రీ ఆ పిల్లకి అబద్ధం చెప్పదల్చుకోలేదు. "బ్యాడ్జి విభాగం దాటించకూడదన్నది మీ మొదటి రూలు. నువ్వు ఒప్పుకుంటే అది తప్పే. సర్టిఫికెట్ ఆపడానికి వాళ్ళకి కారణం నువ్వే ఇచ్చినట్టవుతుంది. నీకు నష్టం లేదని నేను చెప్పలేను. కానీ ఆ బ్యాడ్జికి తగిలింది ఎక్కడో ఉంది. దాని పక్కన మనుషులున్నారు. ఎవరున్నారో నీకే తెలుసు."

తులసి రాజకుమారి వైపు చూసింది. రాజకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్ల లోపల ఎంత కొట్టుకులాడిందో ఆ పిల్లకే తెలియాలి. ముక్కు తుడుచుకుని నిటారుగా కూర్చుంది.

"అమ్మమ్మ కోసం మేడమ్. మా ఊరు చినరేవుపేట. నాన్న గుజరాత్‌లో బోటు మీద ఉంటాడు. అమ్మ బజారుకెళ్ళిపోతాది. నన్ను పెంచింది మా అమ్మమ్మ గురమ్మే. పోయినేడు దసరాల్లో పొరపాట్న బ్యాడ్జి చొక్కాకి ఉండిపోయి ఇంటికి ఎలిపోయినాను. ఇదేటే అని అడిగింది. ఈ పనిలో నాకేటీ అవకుండా కాపలా కాస్తాదన్నాను. 'నిన్ను కాపలా కాసేదానికి పసుపెట్టకుండా ఎలగుంటామే, తప్పు కాదేటి' అన్నాది. అప్పటి నుంచీ శనివారం తెమ్మంటాది. దేముడి గూట్లో పెట్టి పసుపు రాసి, సోమవారం పొద్దున్న తనే నా చొక్కాకి పెట్టి పంపుతాది. వద్దంటే ముద్ద మింగదు మేడమ్."

రాజకుమారి చెంప మీద చెయ్యేసుకుంది. రెండేళ్ళు క్లాసులో చెప్పిన పాఠాల మధ్య, ఒక ముసలమ్మ ఇలా బ్యాడ్జికే పూజ చేస్తుందని ఆవిడ కల్లో కూడా అనుకుని ఉండదు.

"దసరా నుంచి అంటున్నావు" అంది అరుణశ్రీ. "దసరా తర్వాత మూణ్ణెల్ల రిపోర్టులో ఎంతొచ్చింది?"

"సున్నా పాయింటు ఒకటి" అని రాజకుమారే జవాబిచ్చింది.

"అదే గూడు, అదే బ్యాడ్జి. అప్పుడేమీ లేదు. జనవరి తర్వాత వచ్చింది. తులసీ, గూడు ఏ గోడకి?"

"పడమటి గోడకి."

"గోడ అవతల?"

"మావ వల సామానెట్టుకునే పాక."

"జనవరి తర్వాత ఆ పాకలోకి కొత్తగా ఏం వచ్చింది?"

తులసి నుదురు ముడిచింది. "వలలు, తాళ్ళు, పాత ఇంజను... సీసం. జనవరి నెలాఖర్ని మావ పాతినప కొట్లో సీసం కొన్నాడు. వల అడుగుకి సీసం గుళ్ళు కడతారు కదా మేడమ్, మునగడానికి. అవి ఇంట్లోనే కరిగించి పోసుకుంటారు. పెద్ద బిందంత ఉన్నాది, ఇద్దరు మోసుకొచ్చారు. గూడు ఎనకాలే దించారు, వలలు కప్పేసి. నాను సరిగ్గా సూడలేదు కూడాను."

"ముద్దలా ఉందా?"

"కాదు. పైనంతా ఇనుము, లోపల సీసవంట."

రాజకుమారి కుర్చీలోంచి దిగ్గున లేచింది. "పైన ఇనుము, లోపల సీసం! తులసీ, సీసాన్ని అలా ఎవరు, ఎందుకు పోస్తారు? ఫ్యాక్టరీల్లో గొట్టాలకి బిగిస్తారే, లోపల సరుకు ఎంతుందో కొలవడానికి..."

తులసికి పాఠం గుర్తొచ్చింది. మొహంలో నెత్తురు లేదు. "మధ్యలో గామా ఇచ్చే సోర్సుంటాది. సీసం దానికి అడ్డు" అంది గుసగుసగా.

అరుణశ్రీకి పాఠాలు తెలియకపోయినా విషయం తెలిసిపోయింది. మూతపడిన ఏ ఫ్యాక్టరీ నుంచో ఎవడో ఎత్తుకొచ్చి తూకానికి అమ్మేశాడు. మూసి ఉన్న సీసంలోంచి ఏ సందునో గామా కొద్దిగా కారుతూ, గోడ దాటి, దేముడి గూట్లో బ్యాడ్జికి తగిలింది. అందరూ అబద్ధాలకోరు అనుకున్న ఆ ప్లాస్టిక్ ముక్క మూణ్ణెల్లుగా నిజమే రాసుకుంటోంది.

"ఫోన్ చెయ్యి. స్పీకరు పెట్టు."

నాలుగైదుసార్లు మోగి ఆగిపోయాక, ఒంటిగంటా ఎనిమిదికి మావ లక్ష్ముడు ఫోనెత్తాడు. "ఏటే కోడలా, మీటింగయిపోనాదా?"

"మావా! పాకలో సీసం డబ్బా ఉంది కదా. దాన్ని ముట్టుకోకు. అందరూ ఇంట్లోంచి దూరంగా ఎల్లిపోండి."

"ఇంకెక్కడి డబ్బా? వేట లేదు కదేటి, ఖాళీగా ఉన్నానని నిన్ననే సుత్తెట్టి ఇనుము పగలగొట్టీసినాను. పొద్దున్న ఆరింటికి కరిగించి గుళ్ళు పోసీసినాను. రెండు వలలకి సరిపోనాయి."

"దాని మీద బొమ్మేటైనా ఉన్నాదా మావా?"

"పసుప్పచ్చ రంగు మీద మూడు రెక్కల ఫేనులాటిది ఉండీది. గోకీసినాను. ఏటే, ఏడుస్తన్నావా?"

అరుణశ్రీ ఫోను దగ్గరికి వంగింది. "బాబూ, నేను మీ దేముడమ్మకి తెలిసినదాన్ని. సీసం కరిగాక లోపల కరగనిది ఏమైనా మిగిలిందా? జాగ్రత్తగా గుర్తు తెచ్చుకుని చెప్పు."

"మిగిలినాదమ్మా. బొటనేలంత స్టీలు గొట్టం. ఎంత మంటెట్టినా కరగనేదు, నలుపెక్కనేదు. మా అమ్మ దాన్ని నీళ్ళల్లో ఏసి, కడిగి తీసీసుకున్నాది."

"ఎందుకు?"

"తాయెత్తు సేస్తాదంట. ఇంత నిప్పులో ఏటీ అవనేదు, ఇది ఒంటి మీదుంటే నా మనవరాలిక్కూడా ఏటీ అవదు అన్నాది. రొంటిని దోపుకుని ఎనిమిదిన్నర బస్సెక్కీసినాది. అక్కడికే వచ్చినాది కదేటి! మీటింగులో పెద్దలకి దండవెట్టి అడుగుతానన్నాది. ఇంకా రానేదా?"

సీసం అడ్డు పోయిన ఆ సోర్సు ముసలమ్మ రొంటిని ఉంది. ముందుగా కదిలింది తులసే. మావతో రెండు ముక్కల్లో చెప్పింది: గుళ్ళు, పగలగొట్టిన ఇనుము, పొయ్యి వేటి దగ్గరికీ ఎవరూ పోకూడదు, పాకకి వంద గజాల దూరంలో తాడు కట్టాలి, పిల్లల్ని వేరే వీధికి పంపాలి. ఏడుపు ఎక్కడికి పోయిందో గానీ గొంతు స్థిరంగా ఉంది. రాజకుమారి ఇంకో ఫోన్లో రేడియేషన్ భద్రత పైఅధికారుల నంబరు వెతుకుతోంది, వేళ్ళు ఒక అంకె మీద రెండుసార్లు పడుతున్నాయి. అరుణశ్రీ గిరిబాబుకి ఫోన్ చేసింది.

"గిరీ, గేటు దగ్గరికి గురమ్మని ఒక ముసలమ్మ..."

"తులసి అమ్మమ్మేనా? పన్నెండుంబావు నుంచి నా గదిలోనే ఉన్నాది. ఎండలో నిలబడిపోతే లోపల కూకోబెట్టి మజ్జిగిప్పించినాను." గిరిబాబు గొంతు మెత్తబడి ఉంది. "అరుణా, నువ్వన్నది నిజవే. గంటసేపు మనవరాలి గురించి ఒకటే సెప్పినాది. ఆవిడ మాటలిన్నాక ఆ కాయితం మీద సంతకం తీసుకోడానికి నాకు మనసు రానేదు. సింపీసినాను. కమిటీలో నానే మాటాడతాను."

"ఆవిడ దగ్గర ఒక స్టీలు గొట్టం..."

"తాయెత్తా? సూపించినాది. నా సేతికిచ్చి, బాబూ, నువ్వూ ఒకపాలి ముట్టుకుని దీవించు అన్నాది. సిన్నదే గానీ బరువుగా ఉన్నాది. ఏం?"

పొద్దుట్నుంచి అరుణశ్రీ తిట్టిన మనిషి. ఇప్పుడు ఆవిడ కళ్ళ ముందు ఆ మనిషి అరచెయ్యే మెదిలింది. "ఇప్పుడది ఎక్కడుంది గిరీ?"

"ఆవిడకే ఇచ్చీసినాను. మీ దగ్గరికే పంపినాను, ఇప్పుడే. ఎక్స్‌రే వరండా దారి సూపించి."

తులసి అప్పటికే తలుపు తెరిచింది.

బుధవారం. గర్భిణీలకి స్కానింగు రోజు. వరండాకి రెండువైపులా బెంచీల మీద ఏడుగురు ఆడవాళ్ళు నీళ్ళ సీసాలు పట్టుకుని కూర్చున్నారు. ఆ చివర నుంచి నీరుకావి చీరలో గురమ్మ నడిచి వస్తోంది. మనవరాలు కనబడగానే బోసినోటితో నవ్వింది. కుడిచేతి పిడికిలి పైకెత్తి, ఏదో తెచ్చానన్నట్టు ఊపింది.

"అమ్మమ్మా! అక్కడే ఆగు!"

గురమ్మ ఆగింది. బెంచీల మీద తలలన్నీ తిరిగాయి.

"సేతిలోది కింద ఒగ్గీ. ఒగ్గీసి ఎనక్కి ఎల్లిపో. నా కాడికి రాకు!"

పుట్టిన దగ్గర్నుంచీ ఆ నోటి నుంచి అలాంటి మాట వినలేదు గురమ్మ. నవ్వు మొహం మీదే ఉండిపోయింది. వెనక అరుణశ్రీ ఒక్కొక్క గర్భిణినీ రెక్క పట్టుకుని లేపుతోంది, అటు పొండి, పరిగెత్తొద్దు, లేవండి అంటూ. వాళ్ళు ఎందుకో అర్థం కాక మెల్లగా చెప్పులు వెతుక్కుంటున్నారు. తులసి రెండు చేతులూ అడ్డంగా చాపి నిలబడింది. అంతసేపూ ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

ముసలమ్మకి ఇంకేమీ అర్థం కాలేదు. అది మాత్రం అర్థమైంది.

"ఓలమ్మా, ఏడుస్తన్నావేటే? ఏటన్నారే నిన్ను? ఉండు తల్లీ, నానొచ్చీసినాను" అంటూ, పిడికిలి గుండెలకి అదుముకుని, మనవరాలి వైపు పరుగులాంటి నడక అందుకుంది.